ఆ ఆరున్నర వేల గిటార్‌ని అప్పుడే అమ్మేయకండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. గిటార్ నేర్చుకోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో 6,500 రూపాయలు పెట్టి అకూస్టిక్ గిటార్ కొనుక్కున్నాను. పిల్లలు పడుకున్నాక రోజూ అరగంట వాయిస్తాను. జి, సి, డి, ఈ మైనర్ కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్లు) వచ్చాయి. ఎఫ్ మాత్రం ఎంత నొక్కినా పలకడం లేదు. వేళ్ల కొసలు మండి, మర్నాడు ఆఫీసులో టైప్ చేయడం కూడా కష్టమవుతోంది. నేర్పే అబ్బాయి "ఈ రేటులో వచ్చేవి ఇంతే మేడమ్, కనీసం 35 వేలది తీసుకోండి" అంటున్నాడు. ఈఎంఐలో తీసుకోవచ్చు. మా వారు "ముందు ఉన్నది వాయించడం రానీ, తర్వాత చూద్దాం" అంటున్నారు. చవక గిటార్లలో మంచివి అసలు ఉండవా? లోపం నా చేతిలో ఉందా, గిటార్‌లో ఉందా? గిటార్‌తో పాటు ఎల్ ఆకారంలో చిన్న ఇనుప కడ్డీ ఒకటి వచ్చింది. అదెందుకో కూడా చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట చివర్లో రాసిన ఆ ఎల్ ఆకారపు కడ్డీ. దాన్ని పారేయకుండా జాగ్రత్తగా పెట్టండి. అది అలెన్ కీ. మీ గిటార్ మెడలో ట్రస్ రాడ్ అనే ఇనుప కమ్మీ ఉందని, మెడ వంగితే సరిచేసుకునే వీలుందని దాని అర్థం. మరీ నాసిరకం గిటార్లలో ఈ ఏర్పాటే ఉండదు. అందుకే ఆ ఒక్క వాక్యం చదవగానే మీ గిటార్ మీద నాకు ఆశ కలిగింది.

లోపం మీ చేతిలో లేదు. నాలుగు నెలల్లో నాలుగు కార్డ్స్ వచ్చాయంటే మీ చెయ్యి సరిగ్గానే నడుస్తోంది. మీ గిటార్ చెక్కలో కూడా పెద్ద లోపం ఉండకపోవచ్చు. నా అనుమానమల్లా సెటప్ మీద. అంటే తీగలు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) మీద నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయి, మెడ ఎంత వంగి ఉంది, మెడ పై చివర తీగలు ఆనుకునే నట్ అనే పట్టీలో గాళ్లు ఎంత లోతున్నాయి అనే లెక్క. ముప్పై ఏళ్లుగా గిటార్ నేర్పుతున్నాను, బాగు కూడా చేస్తున్నాను. "నాకు గిటార్ రాదు సార్" అంటూ వచ్చినవాళ్లలో చాలామందికి రానిది గిటార్ కాదు. వాళ్ల చేతిలో ఉన్నది వాయించడానికి ఇంకా సిద్ధం కాని గిటార్, అంతే.

ఇలా ఎందుకు జరుగుతుందో చెబుతాను. ఇప్పుడు మెడలు కొయ్యడం, ఫ్రెట్లకు గాళ్లు తియ్యడం, తీగల కింది కొసలు బిగించే బ్రిడ్జి చోటు గుర్తించడం చాలా ఫ్యాక్టరీల్లో కంప్యూటర్‌తో నడిచే యంత్రాలే చేస్తాయి. అందుకే ఈ రోజు ఆరేడు వేల గిటార్‌లో కూడా కొలతలు కచ్చితంగా ఉంటున్నాయి. నేను నేర్చుకునే రోజుల్లో ఈ ధరకు ఇంత కచ్చితమైన పనితనం కలలో కూడా దొరికేది కాదు. యంత్రం వల్ల కానిది ఆఖరి పని ఒక్కటే. మనిషి కూర్చుని, ఒక్కో గిటార్‌ని ట్యూన్ చేసి, నట్ గాళ్లను ఆకురాయితో వెంట్రుక వాసి చొప్పున దించి, బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్ అనే బద్దని అరగదియ్యాలి. దానికి టైమ్ పడుతుంది, టైమ్ అంటే డబ్బు. చవక గిటార్ ధర తగ్గేది ఎక్కువగా అక్కడే. పైగా తీగలు ఎత్తుగా ఉంటే కొన్నవాళ్లు వేళ్ల నొప్పి అనుకుని ఓర్చుకుంటారు. తక్కువగా ఉండి గరగరమంటే తిరిగి పంపేస్తారు. అందుకని ఫ్యాక్టరీవాళ్లు ఎత్తుగానే వదిలేస్తారు. ఇంకో సంగతి, 35 వేల గిటార్ కూడా తీగలు ఎత్తుగా ఉండే మీ ఇంటికి రావచ్చు. అప్పుడు మీకు ఎఫ్ కార్డ్ రాదు సరికదా, ఈఎంఐ కూడా తోడవుతుంది.

మీరు బ్యాంకులో పనిచేస్తారు కాబట్టి మీ దగ్గర ఉండే వస్తువుతోనే పరీక్ష చెబుతాను. ఏటీఎం కార్డు మందం ప్రపంచమంతటా ఒకటే, 0.76 మిల్లీమీటర్లు. నంబర్లు ఉబ్బెత్తుగా లేని నున్నటి కార్డులు మూడు తీసుకోండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి గిటార్‌ని సరిగ్గా శ్రుతి చెయ్యండి. శ్రుతి చెయ్యకుండా కొలిస్తే లెక్క తప్పుతుంది. ఇప్పుడు మూడు కార్డుల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పన్నెండో ఫ్రెట్ మీద, అన్నిటికంటే లావుగా ఉండే ఆరో తీగ కిందికి జరపండి. తీగను కొద్దిగా తాకీ తాకనట్టు పడితే మీ గిటార్ ఎత్తు బాగున్నట్టే. 2.3 మిల్లీమీటర్ల దగ్గర ఉందన్నమాట. నాలుగు కార్డులు పట్టి ఇంకా సందు మిగిలితే ఎక్కువ. అయిదు కూడా సులువుగా దూరిపోతే ఇన్నాళ్లు ఎలా ఓర్చుకున్నారో అనిపిస్తుంది నాకు. సన్నటి ఒకటో తీగ కింద అయితే రెండు కార్డులు, వాటి మీద ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందు చాలు.

మీ ఎఫ్ కార్డ్ గుట్టు మాత్రం పన్నెండో ఫ్రెట్ దగ్గర ఉండదు, మెడకు ఈ చివర నట్ దగ్గర ఉంటుంది. నట్ అంటే ట్యూనింగ్ కీల పక్కన తీగలు ఆనుకునే తెల్లటి చిన్న పట్టీ. దాంట్లో గాళ్లు తగినంత లోతుగా లేకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ నిక్కపొడుచుకుని ఉంటుంది. ఎఫ్ వాయించేది సరిగ్గా అక్కడే, అదీ ఒక్క వేలితో ఆరు తీగల్నీ అదిమి. ఒక పరీక్ష చెయ్యండి. మీకు రాని ఆ ఎఫ్ ఆకారాన్నే అలాగే అయిదో ఫ్రెట్ దగ్గరికి జరిపి పట్టుకోండి. అక్కడ తేలిగ్గా పలికి మొదటి ఫ్రెట్ దగ్గర మాత్రం మొండికేస్తే నట్‌ని అనుమానించండి. కేపో, అంటే మెడకు బిగించి తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే క్లిప్పు, ఉంటే ఇంకా మంచిది. మొదటి ఫ్రెట్‌కి కేపో బిగించి, రెండో ఫ్రెట్ మీద అదే ఆకారం పట్టండి. హఠాత్తుగా సులువైపోయిందా? అయితే తప్పు నట్‌ది. కంటితో చూసి కూడా తేల్చుకోవచ్చు. ఒక తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. వెంట్రుక దూరేంత ఉండాలి. ఏటీఎం కార్డు దూరేంత ఉంటే అది నట్ కాదు, మీ వేళ్లకు శిక్ష.

ఇక మెడ. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు ఎంతుందో ఇంట్లో ఎవరినైనా చూడమనండి. పల్చటి విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే చాలు. అంతకంటే బాగా ఎక్కువగా ఉంటే తీగల లాగుడుకు మెడ ముందుకు వంగిందన్నమాట. మీ అలెన్ కీ పని అక్కడ. చాలా గిటార్లలో సౌండ్ హోల్‌లోంచి, అంటే పెట్టె మధ్యలోని గుండ్రటి రంధ్రంలోంచి, మెడ వైపు చూస్తే ఆ కీ పట్టే చోటు కనిపిస్తుంది. సౌండ్ హోల్‌ని మన ముందుంచుకుని చూస్తూ సవ్యదిశలో తిప్పితే బిగుసుకుంటుంది. ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పండి. మళ్లీ శ్రుతి చేసి, ఒక రోజు ఆగి చూడండి. గట్టిగా ఉంటే బలవంతం చెయ్యొద్దు. ట్రస్ రాడ్ విరిగితే ఆ ధర గిటార్‌ని బాగు చేయించడం దండగ. ఇంతవరకు ఎప్పుడూ చేసి ఉండకపోతే మొదటిసారి తెలిసినవాళ్ల చేత చేయించండి.

శాడిల్ పని మాత్రం ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. బ్రిడ్జి మీద తీగల కింద ఉండే తెల్లటి బద్ద అది. తీగలు వదులు చేస్తే పైకి ఊడి వస్తుంది. దాని అడుగు భాగాన్ని, పై భాగాన్ని కాదు, అద్దం పలక మీద పరిచిన సాండ్ పేపర్‌కి నిటారుగా పట్టి అరగదియ్యాలి. లెక్క గుర్తుపెట్టుకోండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక కార్డంత ఎత్తు తగ్గాలంటే శాడిల్ రెండు కార్డులంత అరగాలి. ముందే పెన్సిల్‌తో గీత గీసుకుని, ఆ గీతకు కాస్త ముందే ఆగి, తిరిగి పెట్టి కొలవండి. ఒకసారి అరిగింది మళ్లీ పెరగదు. బ్రిడ్జి పైకి రెండు మూడు మిల్లీమీటర్లు తప్పకుండా మిగలాలి. నట్ జోలికి మాత్రం మీరు వెళ్లకండి. ఒక్కో తీగ మందానికి ఒక్కో రకం సన్నటి ఆకురాయి కావాలి. కాస్త లోతెక్కువైతే ఆ తీగ ఎప్పుడూ గరగరలాడుతూనే ఉంటుంది. రాజమండ్రి గానీ, విశాఖ గానీ వెళ్లినప్పుడు గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. నట్, శాడిల్, మెడ, కొత్త తీగలు అన్నీ కలిపి పదిహేను వందలు, రెండు వేలలో అయిపోవాలి. అక్కడ "మొత్తం సెటప్ చెయ్యండి, ఎఫ్ కార్డ్ పలకాలి" అని ఒక్క మాట చెబితే చాలు, వాళ్లకు అర్థమవుతుంది.

తీగల మాట వచ్చింది కాబట్టి, ఈ చిన్న మార్పు ఈ వారమే చేయండి. చాలా గిటార్లకు 12 నుంచి 53 అనే సెట్ వేసి పంపుతారు. ఈ అంకెలు సన్నటి, లావు తీగల మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. శ్రుతిలో ఉన్నప్పుడు ఆ ఆరు తీగలూ కలిసి బ్రిడ్జిని 70 కిలోలకు పైగా బరువుతో లాగుతుంటాయి. 10 నుంచి 47 సెట్ వేస్తే అది 60 కిలోల దగ్గరికి దిగుతుంది. మీ వేళ్లకు ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. శబ్దం కాస్త పల్చబడుతుంది. ఆరు నెలలు పోయాక, వేళ్లు గట్టిపడ్డాక 11కి మారండి.

నా మొదటి గిటార్ సంగతి చెప్పకుండా ఉండలేను. 1987లో సికింద్రాబాద్‌లో ఒక పాత సామాన్ల కొట్లో 350 రూపాయలకు కొన్నాను. ముందు పలక ప్లైవుడ్, వెనక పలక ప్లైవుడ్, మెడ మీద పేరు కూడా చెరిగిపోయింది. మూడు వారాలు వాయించేసరికి వేళ్లు చీరుకుపోయాయి. క్రిస్మస్ ముందు చర్చి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, గిటార్ వాయించే ఒక పెద్దాయన నా చేతులు చూసి, గిటార్ ఇవ్వమని అడిగి, ఆ రాత్రి చర్చి వరండాలో కూర్చుని శాడిల్ అరగదీశారు. నట్‌ని సైకిల్ షాపు నుంచి తెచ్చిన ఆకురాళ్లతో సరిచేశారు. మర్నాడు పొద్దున చేతికిస్తే అది వేరే గిటార్ అనిపించింది. తొమ్మిదేళ్లు ఆ గిటార్‌తోనే క్వయర్‌లో వాయించాను. మన ఊళ్లలో గిటార్ అనేది బతికిందంటే చాలావరకు చర్చి క్వయర్ల వల్ల, కాలేజీ హాస్టళ్ల వల్లే. ఆ చేతుల్లో ఉన్నవన్నీ చవక గిటార్లే.

బయటి దేశాల్లో కూడా ఇదే కథ. అమెరికాలో లెడ్ బెల్లీ అనే మహా గాయకుడు స్టెల్లా అనే పన్నెండు తీగల గిటార్ వాయించాడు. స్టెల్లాలు పేదవాళ్లు కొనుక్కునే చవక వాయిద్యాలు. 1966లో జపాన్‌లో యమహావాళ్లు ఎఫ్‌జీ-180 అనే గిటార్ తెచ్చారు. దాని ముందు పలక ప్లైవుడే. ఇప్పుడు ఆ పాత గిటార్లను వెతుక్కుని మరీ కొంటున్నారు. ఆ వరసలోదే ఎఫ్‌జీ-150 అనే చిన్న గిటార్‌తో 1969లో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద కంట్రీ జో మెక్‌డొనాల్డ్ అనే గాయకుడు లక్షల జనం ముందు ఒంటరిగా పాడాడు. ఇంకా వెనక్కి వెళితే, స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అనే గిటార్ల తయారీదారు 1862లో వెనక పలక, పక్క పలకలు అట్టతో చేసి, ముందు పలక మాత్రం మంచి చెక్కతో పెట్టి ఒక గిటార్ తయారుచేశాడు. గిటార్ గొంతు ముఖ్యంగా ముందు పలకలోంచి వస్తుందని ఆయన అలా చేసి చూపించాడు. ఈ కాలంలో కూడా ఒక పరీక్ష జరిగింది. ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ యూనివర్సిటీవాళ్లు వెనక, పక్క చెక్కల్లో తప్ప ఇంకే తేడా లేని ఆరు గిటార్లు చేయించి, చూపు అందకుండా చేసి 52 మంది చేత వాయింపజేశారు. ఖరీదైన రోజ్‌వుడ్‌నీ, చవక చెక్కనీ వాళ్లు నమ్మకంగా వేరుచేయలేకపోయారు. 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. షాపులో "వెనకంతా రోజ్‌వుడ్ మేడమ్" అంటూ పది వేలు ఎక్కువ అడిగినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అలాగని డబ్బుకు తేడా ఏమీ ఉండదని నేను అనను. ముందు పలక ఒకే చెక్క ముక్కతో చేస్తే, అంటే సాలిడ్ టాప్ అయితే, శబ్దంలో లోతు, సాగుదల ఎక్కువ. వాయించే కొద్దీ ఇంకా విచ్చుకుంటుందని చాలామంది వాదకులు నమ్ముతారు. పెట్టె మీద "స్ప్రూస్ టాప్" (స్ప్రూస్ అనే చెక్కతో చేసిన ముందు పలక) అని మాత్రమే ఉండి "సాలిడ్" అనే మాట లేకపోతే అది ప్లై అనుకోండి. సౌండ్ హోల్ అంచు చూస్తే కూడా తెలుస్తుంది. పైన కనిపించే చెక్క గీతలు అంచు మీదుగా కిందికి దిగితే సాలిడ్, అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై. అయితే కాకినాడలో ఉన్నవాళ్లకు ప్లై వల్ల ఒక మేలు ఉంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే గిటార్‌కి హాయి. మీ సముద్రపు గాలిలో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకంటే చాలా ఎక్కువ. సాలిడ్ పలక తేమకు ఉబ్బి, తీగల ఎత్తు పెరుగుతుంది. ఏసీ గదిలో ఆరి కుంచించుకుపోతుంది కూడా. ప్లై పొరలు అడ్డంగా నిలువుగా అతికి ఉండడం వల్ల ఈ మార్పులకు అంతగా కదలదు. మీరు ఎండాకాలంలో కారులో వదిలేయకుండా, వాయించాక తీగల్ని పొడిబట్టతో తుడిచి బ్యాగులో సిలికా జెల్ పొట్లం వేసి పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఉప్పు గాలికి తీగలు తుప్పు పట్టడం మాత్రం ఆగదు. రెండు మూడు నెలలకోసారి మార్చండి.

ఇంతా చెప్పాక, మీ గిటార్ నిజంగానే పనికిరానిది అయ్యే అవకాశం కూడా ఉంది. అది తేల్చేవి రెండు విషయాలు. మొదటిది: ప్రతి తీగనూ పన్నెండో ఫ్రెట్ మీద తేలిగ్గా తాకి గంటలా మోగే స్వరం వినండి. తర్వాత అదే చోట నొక్కి మీటండి. ట్యూనర్ రెండింటికీ ఒకే చోట నిలవాలి. కొత్త తీగలు వేశాక, ఎత్తు సరిచేశాక కూడా తేడా గట్టిగా ఉంటే బ్రిడ్జి తప్పు చోట అతికించారని అర్థం. ఏ కార్డూ ఎప్పటికీ శ్రుతిలో ఉండదు. రెండోది: ఒక పొడవాటి స్కేలు ఫ్రెట్ల మీద నిలువుగా ఆనించి బ్రిడ్జి వైపు జరపండి. దాని కొస బ్రిడ్జి చెక్క పై అంచుకు తగలాలి. బాగా కిందికి వెళ్లి బ్రిడ్జి ముఖానికి గుద్దుకుంటే మెడ కోణమే తప్పు. దాన్ని విప్పి మళ్లీ బిగించడానికి గిటార్ ధర కంటే ఎక్కువ అవుతుంది. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరినా జాగ్రత్తపడండి, జిగురు ఊడుతోందని అర్థం. ఇవన్నీ ఇంట్లోనే పావుగంటలో చూసుకోవచ్చు.

అలా తేలితే ఉన్నది వదిలేసి పదివేల చుట్టుపక్కల ఒకటి తీసుకోండి. యమహా ఎఫ్280 గానీ, ఎఫ్310 గానీ, కోర్ట్ ఏడీ810 గానీ నేను నా విద్యార్థుల చేత కొనిపిస్తుంటాను. మూడూ ప్లై గిటార్లే, మూడింటికీ కొలతలు నమ్మకంగా ఉంటాయి. ఎఫ్310లో తీగ పొడవు 634 మిల్లీమీటర్లు, మామూలు పెద్ద గిటార్ల కంటే కొంచెం తక్కువ కాబట్టి తీగలు కాస్త మెత్తగా అనిపిస్తాయి. చిన్న చేతులకు ఇది కలిసొస్తుంది. ఆన్‌లైన్‌లో కాకుండా షాపుకెళ్లి, ఒకే మోడల్‌వి మూడు తెప్పించి, మూడింటినీ కార్డులతో కొలిచి చూడండి. ఒకే పేరున్న రెండు గిటార్ల మధ్య తేడా, రెండు పేర్ల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉండడం నేను చాలాసార్లు చూశాను. రెండేళ్లు వాయించాక, సాలిడ్ టాప్ కావాలని మీ చెవి అడిగితే, యమహా ఎఫ్‌జీ800 లాంటిది చూడండి. అప్పుడు డబ్బు ఎందుకు ఎక్కువ పెడుతున్నారో మీకే తెలుస్తుంది. 35 వేలు అప్పుడు కూడా అవసరం లేదు.

మీకు నేర్పే అబ్బాయి మీద కోపం తెచ్చుకోకండి. మంచి గిటార్ మీద నేర్చుకుంటే తొందరగా వస్తుందన్న అతని మాట నిజమే. "మంచి" అనేది ధర మీద కాకుండా సెటప్ మీద ఉంటుందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఈ పరీక్షలు అతన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి, అతని మిగతా విద్యార్థులకు కూడా పనికొస్తాయి.

ఈ వారం రోజులు ఎఫ్‌ని ఆరు తీగల మీద పట్టుకోవద్దు. కింది నాలుగు తీగలు మాత్రమే తీసుకోండి. చూపుడు వేలితో ఒకటి, రెండు తీగల్ని మొదటి ఫ్రెట్ దగ్గర, నడిమి వేలితో మూడో తీగని రెండో ఫ్రెట్ దగ్గర, ఉంగరపు వేలితో నాలుగో తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కండి. పైనున్న అయిదో తీగ, ఆరో తీగ ముట్టుకోవద్దు. వేళ్లకు రాత్రి గోరువెచ్చటి నీళ్లు పట్టండి, మంట ఉన్న రోజు అరగంట బదులు పది నిమిషాలే వాయించండి. తీగల ఎత్తు దించాక ఆరు తీగల ఎఫ్ మళ్లీ మొదలుపెట్టి, మీ మూడు కార్డులు పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎలా పట్టాయో రాయండి.